వెనక నడిచేవాడు

సముద్రానికి దండం పెట్టకుండా నతాలియో నీళ్ళలో కాలు పెట్టిన రోజు లేదు. ఆ సంగతి సముద్రానికి తెలుసో లేదో గానీ మా పినోతేపాలో మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయనే చెప్పేవాడు మరి. పెళ్ళిలో చెప్పేవాడు, చావింట్లో చెప్పేవాడు, బస్సులో పక్క సీట్లో కూర్చున్న పరాయి ఊరివాడికి కూడా చెప్పేవాడు. “మనం సముద్రానికి దొంగలం కాదయ్యా, చుట్టాలం” అనేవాడు. వినేవాళ్ళు తల ఊపేవాళ్ళు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

ఆ జనవరి సోమవారం కూడా అంతే. తెల్లవారుతూనే పాటు మొదలైంది. నీళ్ళు వెనక్కి జారి నల్లబండలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. నతాలియో ఒడ్డున నిలబడి తాటాకు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“అమ్మా, మేమే వచ్చాం. నీ బిడ్డల్ని కాసేపు చేతికియ్యి. నీ బిడ్డల్ని నీకు ఒప్పజెప్పే పోతాం.”

పక్కనే ఉన్న అకిలీనో కూడా టోపీ తీశాడు. రంగు తీసేవాళ్ళ సంఘానికి అతనే పెద్ద. నెమ్మదస్తుడు, గొడవలంటే పడదు. మూడోవాడు ఫిలెమోన్ కాస్త దూరంగా నిలబడి, నోట్లో పుల్ల పెట్టుకుని, అలల వంక చూస్తున్నాడు. అతను నతాలియో అక్క కూతురి మొగుడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. టోపీ పెట్టుకునే అలవాటే లేదు కాబట్టి తీసే ప్రసక్తీ లేదు.

“అల్లుడూ, నోట్లో ముత్యాలు దాచుకున్నావా ఏంటి? ఒక్క మాటంటే రాలిపోతాయా?” అన్నాడు నతాలియో.

“నా మాట నత్తకేం అర్థమవుద్ది మామా? పడుకోడానికి మంచి చోటిస్తే చాలు దానికి.”

“విన్నావా అకిలీనో? అన్నం పెట్టినమ్మకి దండం పెట్టమంటే చాప వేస్తానంటున్నాడు.”

అకిలీనో ముసిముసిగా నవ్వి తన నూలు చిలప భుజాన వేసుకుని అవతలి ఒడ్డు రాళ్ళ వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. అతనికి మోకాలు బాగోదు, అటువైపు రాళ్ళు కాస్త చదునుగా ఉంటాయి.

మా ఊరి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే పొసవాంకోలో మూడు రంగుల చారలుంటాయి. ఎరుపు, నీలం, ఊదా. ఎరుపూ నీలమూ ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఊదా రంగు మాత్రం బస్సులో ఆరేడు గంటలు ప్రయాణం చేసి, ఈ రాళ్ళ మీదికొచ్చి, నత్తలను బతిమాలి తెచ్చుకోవాలి. చంపితే ఒక్కసారే వస్తుంది. బతికిస్తే నెలనెలా వస్తుంది. మా తాతలకు ఇంతకంటే పెద్ద తెలివేమీ లేదు, ఉన్నదాన్ని మాత్రం జాగ్రత్తగా మాకిచ్చి పోయారు.

నతాలియో పుల్లతో ఒక నత్తను రాతి నుంచి నెమ్మదిగా విడదీశాడు. వెల్లకిలా తిప్పి, మూత మీద ఉఫ్‌మని ఊది, బొటనవేలితో నొక్కాడు. మొదట వచ్చేది దాని ఉచ్చ. దాన్ని విదిలించేశాడు. తర్వాత పాలలాంటి తెల్లటి చుక్కలు వచ్చాయి. వాటిని ఎడమ చేతికి చుట్టుకున్న తడినూలు మీద పులిమాడు. పులిమినప్పుడు తెలుపే. కాసేపటికి పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. ఎండ తగిలేకొద్దీ ఊదా. ఒక్క పాయకు రంగు పట్టాలంటే వందకు పైగా నత్తలు కావాలి. చిలపకు ఆరు పాయలు.

పాలిచ్చిన నత్తకు ఒంట్లో సత్తువ ఉండదు. రాయిని గట్టిగా పట్టుకోలేదు. అందుకని దాన్ని తిరిగి పెట్టడమే అసలు పని. నీళ్ళు తగిలే చోట, నీడలో, రాతి సందులోకి పెట్టాలి. ఎండలో వదిలేస్తే మాడి చస్తుంది, లేకపోతే జారి పీతలకు ఆహారమవుతుంది. పెట్టేటప్పుడు మావాళ్ళందరూ ఒక్క మాట అంటారు, “చల్లగా ఉండు తల్లీ” అని.

నతాలియో దగ్గర ఆ మాట ఏళ్ళ తరబడి పెరిగింది. నత్తను దోసిట్లో పెట్టుకుని రాతి మీదికి వంగి, దాదాపు ముక్కు ఆనించేంత దగ్గరగా, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. “రంగిచ్చావు తల్లీ, నీ ప్రాణం నీకే. నిన్ను మోసే రాతికి దండం. నీకు ఉప్పిచ్చే నీటికి దండం. నన్ను నీ దగ్గరికి పంపిన మా నాయనకు దండం.” నాలుగేళ్ళ కిందట భార్య పోయాక ఆవిడ పేరూ చేరింది. రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేశాక, ఆ నొప్పిని ఇంకా పెంచనందుకు గాలికి కూడా ఒక దండం చేరింది. అన్నీ అయ్యాక కళ్ళు తెరిచి, ఎదురుగా రాతి అంచు మీద నీడ పడ్డ చోటు చూసుకుని, అక్కడ నత్తను ఆనించి, రెండు వేళ్ళతో దాని వీపు నిమిరి ముందుకు కదిలేవాడు. ఆ కాసేపూ ఆయన మొహం నిజంగా చూడముచ్చటగా ఉండేది. అందులో దొంగ భక్తి లేదు.

ఫిలెమోన్ ఎప్పుడూ ఆయన వెనకాలే వచ్చేవాడు. పది అడుగులు వెనక. ఈల వేసుకుంటూ, వంగుతూ, లేస్తూ, ఒక్కోసారి రాతి మీద బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా సందులో పెడుతూ. పొద్దెక్కేసరికి నతాలియో చిలపలో ఒక పాయ పూర్తిగా రంగెక్కితే, అతని దాంట్లో పావు వంతు కూడా ఎక్కేది కాదు. సీజను మొదలై మూడు నెలలైంది. అతని చిలపలో మూడు పాయలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“మీ అత్తకి చీర చుట్టేనాటికన్నా పూర్తవుద్దా అది?” అన్నాడు నతాలియో, వెనక్కి తిరిగి.

ఆ చిలప అత్త కోసమే. నతాలియో అక్క తిబూర్సియాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. చచ్చి పెట్టెలో పడుకునే రోజుకు ఒక కొత్త పొసవాంకో చీర కావాలని, అందులో ఊదా చార నత్త రంగుదే ఉండాలని ఆవిడ పట్టు. కూతురు ఎవోదియా మగ్గం ఎక్కించి కూర్చుంది. నూలు అల్లుడు తేవాలి.

“అయిద్దిలే మామా. ఆవిడకేం తొందర లేదంట” అన్నాడు ఫిలెమోన్. తర్వాత దగ్గరికొచ్చి, కాసేపు ఏదో తటపటాయించి, “మామా, పని చేసేటప్పుడు ఆ టోపీ తీసి పక్కన పెట్టరాదూ?” అన్నాడు.

“ఎందుకు? నా బట్టతల చూసి నువ్వు ఈల వేసుకోడానికా?”

“అది కాదు మామా. నువ్వు వంగినప్పుడు...”

“ఫిలెమోన్!” అని అవతలి ఒడ్డు నుంచి అకిలీనో కేక. “తాగే నీళ్ళు అయిపోయినయ్! బావి దాకా పోయిరా నాయనా, నా కాలు సహకరించట్లా!”

ఫిలెమోన్ నోరు మూసుకుని, చిలప మెడలో వేసుకుని, క్యాను తెచ్చుకోడానికి ఒడ్డు ఎక్కాడు. బావి కొండ అవతల. పోయి రావడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా పోటు మొదలై, నీళ్ళు రాళ్ళ మీదికి ఎక్కి, ఆ రోజు పని ముగిసింది.

మంగళవారం పొద్దున కొత్త రాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే నిన్నటి రాళ్ళ మీదుగానే నడవాలి. ముందు నడుస్తున్న నతాలియో ఉన్నట్టుండి ఆగిపోయాడు. రాతి మడుగులో ఒక గుల్ల. లోపల మాంసం సగం ఎండి, సగం పీతలు పీకి ఉంది. నాలుగు అడుగుల్లో ఇంకొకటి. తర్వాత రెండు. గుల్లల మీద వేలి ఊదా మరక స్పష్టంగా ఉంది. మేం ముట్టుకున్న ప్రతి నత్త మీదా ఆ మరక పడుతుంది, మా వేళ్ళు ఎప్పుడూ రంగులోనే ఉంటాయి కదా.

మొత్తం పదకొండు. నతాలియో వాటిని టోపీలోకి ఏరాడు.  ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది, నటన కాదు. చిన్నప్పుడు పరాయి మనుషులు పడవల్లో వచ్చి బస్తాలకు బస్తాలు నత్తలను పగలగొట్టి పోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈ రాళ్ళు బోసిపోయి ఉన్నాయి. ఆ కసితోనే, సంఘం పెట్టినప్పుడు ఆయనే పట్టుబట్టి ఒక కట్టుబాటు రాయించాడు. నత్తను చంపినవాడు ఎవడైనా సరే, రంగు తీసే అనుమతి కార్డు ఇచ్చేసి ఇంటికి పోవాలి.

ఆ సాయంత్రం ముగ్గురూ బస చేసిన పాక ముందు పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నతాలియో టోపీ తెచ్చి మధ్యలో పెట్టాడు. ఎవరూ రొట్టె ముట్టలేదు.

“నా వెనకాల వచ్చేదెవరు అల్లుడూ?”

“నేనే.”

“రోజూ?”

“రోజూ నేనే మామా.”

“నోరు తెరిచి ఒక మాట చెప్పనివాడివి. దండం పెట్టనివాడివి. చేతిలో ఉన్నది ప్రాణమని తెలిస్తే కదా జాగ్రత్తగా పెట్టడానికి! గులకరాయిని విసిరినట్టు విసిరేసి ఈల వేసుకుంటా పోయావు.”

“నేను విసర్లేదు. నిన్న మజ్జానం నేను...” అని మొదలుపెట్టి ఫిలెమోన్ ఆగాడు. టోపీలోని గుల్లల వంక చూశాడు. నతాలియో వంక చూశాడు. ఆయన కంటి చుట్టూ ఉన్న ముడతల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

“చెప్పు, ఆగావేం? నువ్వు కాకపోతే ఎవరు? అకిలీనోనా? అతను అవతలి ఒడ్డున ఉన్నాడు. మరి నేనా?”

ఆ చివరి మాటకు నతాలియోకే నవ్వొచ్చింది. అకిలీనో కూడా నవ్వాడు. ఫిలెమోన్ నవ్వలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసి, చేతులు దులుపుకుని, చొక్కా జేబులోంచి కార్డు తీసి అకిలీనో ముందు పెట్టాడు.

“నేను కాదు. అయినా తీసుకోండి.”

“అదేంటయ్యా, కాకపోతే కాదని గట్టిగా చెప్పు” అన్నాడు అకిలీనో ఇబ్బందిగా.

“చెప్పాగా.”

“కట్టుబాటు కట్టుబాటే” అన్నాడు నతాలియో. “మా అక్క అల్లుడని వదిలేస్తే రేపు ఈ సముద్రం మొహం ఎట్టా చూస్తాను?”

బుధవారం పొద్దున ఫిలెమోన్ సంచి సర్దుకున్నాడు. సగం తెల్లగా ఉన్న చిలపను జాగ్రత్తగా గుడ్డలో చుట్టి పైన పెట్టుకున్నాడు. పోతూ పోతూ అకిలీనోను పక్కకు పిలిచి, “అన్నా, నీ కాలు కాస్త నెమ్మదించాక నువ్వు కూడా ఇటువైపు రాళ్ళ మీదికి రా. మామ ఒక్కడే ఉంటాడు” అని మాత్రం చెప్పాడు. అకిలీనో అది మర్యాద కోసం అన్న మాట అనుకున్నాడు. నతాలియో వీడ్కోలు చెప్పలేదు. అప్పటికే ఒడ్డున నిలబడి సముద్రానికి క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

ఆ రోజు ఆయన మనసు తేలికగా ఉంది. వెనకాల ఈల లేదు. ఒక్కో నత్త దగ్గరా ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. చచ్చిపోయిన పదకొండింటి తరఫున ప్రతిదానికీ ఒక మాట అదనంగా చెప్పుకున్నాడు. “మీ వాళ్ళ ఉసురు మాకు తగలనీయకు తల్లీ.” టోపీ అంచు రాతిని తాకుతుండగా, నీడ చూసి, ఆనించి, నిమిరి లేచాడు. సాయంత్రానికి రెండు పాయలకు రంగెక్కింది. అంత పని ఆయన ఈ మధ్య ఎప్పుడూ చేయలేదు.

గురువారం పొద్దున ఆ రాళ్ళ మీద నలభైకి పైగా గుల్లలు కనబడ్డాయి.

కొన్ని రాతి అంచునే ఎండి కరుచుకుని ఉన్నాయి. చాలామట్టుకు జారిపోయాయి. పక్షులు పొడిచినవి ఒడ్డు దాకా చెదిరి ఉన్నాయి. నతాలియో లెక్క నలభై దగ్గర ఆపేశాడు. కూలబడి కూర్చున్నాడు. అకిలీనో ఒక గుల్లను తీసి వాసన చూశాడు.

“ఇవి నిన్నటివన్నా. కంపు ఇంకా మొదలవలా.”

“వాడు ముందు పెట్టినవే అయ్యుంటయ్.”

“అతను నిన్న పొద్దున్నే బస్సెక్కాడు గదా.”

“అయితే ఆ టూరిస్టు హోటళ్ళ పడవలోళ్ళు. జనాన్ని తెచ్చి రాళ్ళ మీద దింపుతారు, పిల్లలు పీకి ఆడుకుంటారు. రాత్రికి రాత్రే ఏదో నూనె వదిలుంటారు నీళ్ళలో.”

“అయ్యుండొచ్చు” అన్నాడు అకిలీనో. అతను ఎవరితోనూ వాదించడు. ఆ మంచితనం వల్ల ఎన్ని అన్యాయాలు జరుగుతాయో అతనికి ఎవరూ చెప్పలేదు.

గురువారం నతాలియో పనిలోకి దిగలేదు. రోజంతా రాళ్ళ మీద కాపలా కూర్చున్నాడు. ఒక్క పడవ కూడా రాలేదు.

శుక్రవారం గాలి ఎక్కువగా ఉంది. పాటు వేళకు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నతాలియో మొదటి నత్తను తీశాడు, పాలు పిండాడు, వంగాడు, కళ్ళు మూసుకుని అన్నీ చెప్పుకున్నాడు. కళ్ళు తెరిచి, రాతి అంచు మీద నీడ చూసుకుని నత్తను ఆనించాడు. ఇంకా వేలు తీయలేదు. ఒక విసురు గాలి వచ్చి టోపీని ఎత్తి మడుగులో పడేసింది.

నత్త మీద ఎండ పడింది.

నతాలియోకు ముందు ఏమీ అర్థం కాలేదు. నీడ ఎటు పోయిందని పైకి చూశాడు. పైన రాయి లేదు, ఏమీ లేదు, ఆకాశం ఉంది. మడుగులోంచి టోపీ తీసి, నీళ్ళు కారుతుండగానే తల మీద పెట్టుకుని మళ్ళీ వంగాడు. నత్త మీద నీడ పడింది. టోపీ తీశాడు. ఎండ పడింది. మళ్ళీ పెట్టుకున్నాడు. చిన్నపిల్లలు ఆడుకున్నట్టు నాలుగైదుసార్లు అట్లాగే చేశాడు. ఐదోసారి ఆయన చేతిలోంచి టోపీ జారిపోయింది.

ఇన్నాళ్ళూ ఆయన వెతుక్కున్న చల్లటి చోటు తన టోపీ నీడే. వంగి దండం పెట్టినంతసేపూ అది అక్కడ ఉంది. ఆయన లేచి ముందుకు నడిస్తే అదీ ఆయనతో నడిచి వెళ్ళిపోయింది. ఒకప్పుడు కళ్ళు బాగున్నప్పుడు ఆయన నీడ కోసం చూసేవాడు కాదు, సందులోకి చెయ్యి పెట్టి తడి ఎక్కడుందో వేళ్ళతో తెలుసుకునేవాడు. భుజం పట్టేశాక చెయ్యి కిందికి పోవడం మానేసింది. మాటలు మాత్రం పెరిగాయి.

ఆయన ఆ నత్తను తీసుకుని రాతి మీద బోర్లా పడుకున్నాడు. చెయ్యి మోచేతి దాకా వెళ్ళింది, అక్కడ భుజం కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి పక్కకు దొర్లి ఎడమ చేతిని పెట్టాడు. లోపల చల్లగా, తడిగా, చీకటిగా ఉంది. వేళ్ళకు నత్తలు తగిలాయి. ఒకటి కాదు, వరసగా ఏడెనిమిది, గట్టిగా రాయిని పట్టుకుని ఉన్నాయి. ఒకదాన్ని నెమ్మదిగా విడదీసి వెలుగులోకి తెచ్చాడు. దాని వీపు మీద ఊదా మరక, పక్కపక్కనే రెండు వేళ్ళది.

అట్లా నిమిరేది ఈ రాళ్ళ మీద తనొక్కడే. “మామా, రెండు వేళ్ళతో బొట్టు పెడతావేంటి దానికి” అని ఫిలెమోన్ ఓసారి నవ్వాడు కూడా.

నతాలియో రాయి నుంచి రాయికి పాకాడు. గత వారం, అంతకుముందు వారం తాము పని చేసిన చోట్లన్నీ వెతికాడు. ప్రతి సందులోనూ ఉన్నాయి, తన చెయ్యి అందని లోతులో, తన రెండు వేళ్ళ మరకతో. ఆయన అంచు మీద వదిలేసిన ప్రతిదాన్నీ ఎవరో వెనకాలే వచ్చి, బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి, పడుకోబెట్టి వెళ్ళారు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలు తప్ప.

అకిలీనో ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేసరికి నతాలియో మోచేతులు గీసుకుపోయి రక్తం కారుతోంది. తడిసిన టోపీ పక్కన పడి ఉంది.

“అన్నా! ఏమైంది? పడ్డావా?”

“తమ్ముడూ, సోమవారం మజ్జానం ఫిలెమోన్ ఎక్కడున్నాడు?”

“సోమవారమా...” అకిలీనో ఆలోచించాడు. మొహం నల్లబడింది. “నీళ్ళకి పోయాడు. నేనే పంపించా. అయ్యో, నేనే గదా పంపించింది!”

“ఆ మాట వాడి నోట్లోకి వచ్చింది. మింగేశాడు. వాడు కాదంటే ఇంకెవరని అడిగింది నేనే.”

 నతాలియో జేబులోంచి తన కార్డు తీసి చాచాడు. అకిలీనో తీసుకోలేదు.

“ఇద్దరూ పోతే నేనొక్కణ్ణే ఏం చెయ్యాలన్నా?”

“వాడి కార్డు వాడికివ్వు. నాది నువ్వుంచుకో. కట్టుబాటు రాయించింది నేను. చంపినవాడు ఎవడైనా సరే అని రాయించా. గుర్తుందా?”

“అతని కార్డు అప్పుడే ఆఫీసుకి పంపించేశానన్నా. ఈ సీజనుకి మళ్ళీ రాదు.”

శనివారం పగలంతా నతాలియో బస్సులో ఉన్నాడు. పక్క సీటతను ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకున్నాడు. ఒళ్ళో ఆయన చిలప ఉంది, ఆరు పాయలూ నిండుగా ఊదా రంగులో, సముద్రం వాసన కొడుతూ. అక్క చీరకు అది సరిపోతుంది. అంతకంటే ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. దాన్నిచ్చి, అల్లుడి చెయ్యి పట్టుకుని, రెండు ముక్కలు చెప్పాలి. దారి పొడుగునా ఆ రెండు ముక్కలు కూర్చుకుంటూనే ఉన్నాడు. సముద్రానికీ రాతికీ గాలికీ అన్ని మాటలు చెప్పినవాడికి ఒక మనిషికి చెప్పాల్సిన మాట దొరకలేదు.

ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్ళేసరికి వసారాలో ఎవోదియా మగ్గం ముందు కూర్చుని ఉంది. మగ్గం ఒక కొస స్తంభానికి, ఇంకో కొస ఆమె నడుముకు కట్టి ఉంది. ఎరుపు, నీలం చారలు అయిపోయాయి. తిబూర్సియా పీట మీద కూర్చుని దూదిలోంచి గింజలు తీస్తోంది.

“రా మామయ్యా” అంది ఎవోదియా. లేవలేదు. మగ్గానికి కట్టి ఉంది కాబట్టి లేవలేదో, ఇంకెందుకో.

“అల్లుడు ఏడీ?”

“ఉత్తరాదికి పోయాడు, టమాటా తోటల పనికి. నిన్న కూలీల బస్సుంటే ఎక్కాడు. వానల దాకా రాడు.”

నతాలియో గుమ్మంలోనే కూర్చున్నాడు.  చెప్పాల్సింది చెప్పడానికి చాలాసేపు పట్టింది. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, నీడ ఎట్లా పడిందో చేత్తో చూపించాడు. ఎవోదియా మగ్గం మీద నుంచి చూపు తిప్పలేదు.

“నాకు తెలుసు మామయ్యా.”

“తెలుసా?”

“నవంబరులోనే చెప్పాడు. మామకి చూపు తగ్గింది, భుజం కూడా లేవట్లా, నేను వెనకాలే ఉంటాలే అన్నాడు. నీతో చెప్పమన్నా. ‘ఆయనకి ఉన్నది ఆ ఒక్క పనే గదా, చెపితే మానేస్తాడు, ఊరికే ఎందుకూ’ అన్నాడు.” ఆమె మగ్గం మీద దారం సవరించింది. “మొన్న ఇంటికొచ్చాక అన్నాడు, ఎవరో ఒకరు చంపినవాడని అనిపించుకోవాల్సొస్తే, నువ్వు తట్టుకోలేవంట. తను తట్టుకుంటాడంట.”

నతాలియో చిలపను రెండు చేతులతో పట్టుకుని అక్క ముందు పెట్టాడు. “ఇది నీ చీరకి తీసుకో అక్కా. ఆరు పాయలూ నిండాయి.”

తిబూర్సియా దూది పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చిలపను మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. ఎండలోకి చాచి రంగు చూసింది.

“మంచి రంగురా. ఎన్ని చచ్చినయ్ దీనికి?”

 ఆయన నలభై దగ్గర లెక్క ఆపేశాడు కదా.

ఆవిడ చిలపను మడిచి, తమ్ముడి ఒళ్ళో పెట్టి, పైన ఒకసారి తట్టింది. కోపం ఏమీ లేదు. “ఇది నువ్వే ఉంచుకో. నేను పోయేది ఒక్కసారే గదరా. ఒంటిమీద ఇది పెట్టుకుని పోలేను.” తర్వాత కూతురి వైపు తిరిగింది. “అల్లుడు తెచ్చింది తియ్యవే. వీడొచ్చాడుగా, చుట్టేద్దాం.”

చిలపను ఉండ చుట్టాలంటే ఒక మనిషి రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకుని కూర్చోవాలి. చిన్నప్పుడు అక్క కోసం ఎన్నోసార్లు కూర్చున్నాడు. నతాలియో తన చిలపను గుమ్మం పక్కన పెట్టి, చేతులు చాచాడు. ఎవోదియా నడుం నుంచి మగ్గం విప్పుకుని వచ్చి, గుడ్డలోంచి ఫిలెమోన్ చిలప తీసి ఆయన మణికట్లకు తగిలించింది. ఎదురుగా కూర్చుని కొస అందుకుని చుట్టడం మొదలుపెట్టింది.

నూలు ఆయన చేతుల మీద నుంచి అటూ ఇటూ జారుతోంది. మొదటి పాయ అయింది. రెండోది అయింది. ఊదా రంగు ఎక్కడా మచ్చ లేకుండా, చిక్కగా ఉంది. తొందరగా చేసిన పని కాదు. మూడో పాయ కొస వచ్చింది. ఆ ముడి తర్వాత తెల్ల నూలు. ఎవోదియా చెయ్యి ఆగింది.

“ఇక్కణ్ణుంచీ తెల్లదే మామయ్యా.”

“తెలుసమ్మా.”

“చార సన్నగా వస్తది. బొటనవేలంత. తుంచెయ్యనా అమ్మా?”

తిబూర్సియా దూదిలోంచి ఒక గింజ తీసి, పక్కన గిన్నెలో వేసింది.

“తుంచకు. ఊదా పక్కనే తెల్లది కూడా నెయ్యి. అదీ అతను చేసిన పనే గదా.”

ఎవోదియా తల వంచుకుని మళ్ళీ చుట్టసాగింది. నతాలియో కళ్ళు నిండి నీళ్ళు చెంపల మీదికి జారాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.  చిలప చిక్కుపడకుండా చేతులు అట్లాగే చాచి ఉంచి, ఆఖరి తెల్ల పాయ అయిపోయేదాకా కూర్చున్నాడు.